బావకి రాని వెబ్‌సైటు

మా బావ స్విలెన్‌కి ఫోన్లో మాట్లాడటం రాదు. ఎదురుగా ఉన్న మనిషితోనే నాలుగు మాటలు పెగలవు, ఇక కనపడని మనిషితో ఏం మాట్లాడతాడు? కెమెరా పట్టుకుంటే మాత్రం మా బల్గేరియా ఊరు గాబ్రోవోలో అతన్ని మించినవాడు లేడు. పెళ్ళిలో ఏ తల్లి ఏడవబోతోందో ఆ తల్లి కన్నా ముందు అతనికి తెలిసిపోతుంది. కానీ ఇన్నేళ్ళూ ఆ పని నడిచింది మా అక్క రుమ్యానా నోటి మీద. పెళ్ళికూతుళ్ళ తల్లులూ, మే నెలలో బడి చదువు ముగించి ముస్తాబై విందుకెళ్ళే పిల్లలూ అందరూ ఫోన్ చేసేది అక్కకే. తేదీ కుదిర్చేదీ, గీచి గీచి బేరమాడేవాళ్ళని నవ్వించి దారికి తెచ్చేదీ అక్కే.

వసంతంలో డాక్టరు అక్క జబ్బుకి ఇక చెయ్యగలిగిందేమీ లేదని చెప్పాడు. ఇంటికొచ్చాక, కోటు కూడా విప్పకుండా అక్క అన్న మొదటి మాట ఇది:

"నీకో వెబ్‌సైటు పెట్టాలి."

బావ ఆవిడ బూట్లు విప్పుతున్నాడు. తలెత్తలేదు.

"వినపడిందా? నేను పోయాక ఫోన్ ఎవరెత్తుతారు? నువ్వు హలో అనేలోపు వాళ్ళు ఇంకొకణ్ణి మాట్లాడేసుకుంటారు. అదే వెబ్‌సైటుంటే ఫోటోలు చూస్తారు, తేదీ రాసి పంపుతారు. నువ్వు నోరు తెరవక్కర్లేదు."

పని తెలిసినవాళ్ళ చేత చేయిద్దామని నేనన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"వాళ్ళు చేసిచ్చి పోతారే. కొత్త ఫోటో పెట్టాలన్నప్పుడల్లా మళ్ళీ వాళ్ళకి ఫోన్ చెయ్యాలి. ఈయన చేస్తాడా?"

నిజమే, చెయ్యడు. కంప్యూటరు చదువు లేనివాళ్ళు కూడా సొంతంగా పేజీలు కట్టుకోవడానికి ఏవేవో సైట్లున్నాయట. వాటిలో బావకి చేతనయ్యేదేదో చూసి పట్టుకోవాలి. అక్క పెట్టిన పరీక్ష ఒక్కటే. ఎవరి సాయం లేకుండా బావ ఒక ఆల్బం చేర్చి, మొదటి పేజీలో ఫోటో మార్చాలి. అది చేశాడంటే ఆ సైటు ఖాయం.

రోజూ సాయంత్రం అక్క దిండ్లకి ఆనుకుని కూర్చునేది. బావ మంచం అంచున, ఒళ్ళో ల్యాప్‌టాప్. నేను బడి వంటింట్లో పని ముగించుకుని వెళ్ళి పక్కన కూర్చునేదాన్ని. మొదటి సైటు అందం చూసి ముగ్గురం మురిసిపోయాం. తీరా మా బల్గేరియా అక్షరాల్లో పేరు రాసేసరికి ఆ సోకంతా ఎగిరిపోయి మునిసిపాలిటీ నోటీసులా తయారైంది. ఆ ముద్దులొలికే రాత ఇంగ్లీషు అక్షరాలకేనట. రెండోది ఉచితం. ఉచితమనగానే, పిసినారులని పేరుపడ్డ గాబ్రోవో మనుషులం కదా, ఎగబడ్డాం. ప్రతి పెళ్ళికూతురి కాళ్ళ కిందా వాళ్ళ ప్రకటన వచ్చి కూర్చుంది. మూడోదాంట్లో ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చు గానీ, వేరే చోట అద్దె కట్టి దాన్ని ఉంచి, ఎప్పటికప్పుడు మనమే మరమ్మతులు చూసుకోవాలి.

"ఇల్లు మనదే, కప్పు కారితే ఎక్కాల్సిందీ మనమే. వద్దు," అంది అక్క.

నాలుగోది బాగుంది. ఫోటోని మౌస్‌తో పట్టుకుని లాగి, కావాల్సిన చోట వదిలేస్తే చాలు. ఫోన్లో చూసినా పెళ్ళికూతురి తల తెగిపోలేదు. ఒక్కో పెళ్ళికీ తాళం వేసిన ఆల్బం ఇచ్చుకోవచ్చు. అక్కకి నచ్చింది. కానీ బావకి అదీ రాలేదు. పైన పెట్టమన్న ఫోటోని కింద పెట్టేవాడు. అంతా చేసి భద్రపరచడం మర్చిపోయేవాడు. నొక్కమన్నది తప్ప అన్నీ నొక్కేవాడు.

నాకసలే ఓపిక తక్కువ. "బావా, కెమెరా మీటలు కళ్ళు మూసుకుని తిప్పుతావు. ఇంత నీలం బొత్తం కనపడట్లేదా?"

"కనపడలేదు," అనేవాడు తల వంచుకుని.

"తిట్టకే. రేపొస్తుందిలే," అనేది అక్క. మర్నాటికి అతను అదీ మర్చిపోయినట్టే ఉండేవాడు.

నన్ను నిజంగా దహించింది వేరే సంగతి. డాక్టరు అక్కకి భుజం మీద అంటించే నొప్పి పట్టీలిచ్చాడు. వాటిని అంటించే పని నాది. ఒకటి అంటించిన రోజు ఆవిడ సాయంత్రమంతా మత్తుగా పడుకుంది. మర్నాడు పీకేసి, మిగతావి సొరుగులో పెట్టించింది.

"అది వేసుకుంటే బుర్ర పనిచెయ్యట్లేదే. ఆయనకి నేర్పాలిగా. ఆయన నేర్చుకోనీ, ఆ తర్వాత నీ ఇష్టం, ఒళ్ళంతా అంటించు. ఆయనకి మాత్రం చెప్పకు."

నేను చెప్పలేదు. ఆవిడ దుప్పటి అంచు పళ్ళతో పట్టుకుని నొప్పిని ఓర్చుకోవడం చూసేదాన్ని. బావ గదిలోకి రాగానే మొహం సర్దుకుని, "రా, నా మొద్దు శిష్యుడా" అనేది. నాకు బావ మీద కంపరం పుట్టేది. ఇంత మొద్దుతనం ఎక్కడైనా ఉంటుందా అనుకునేదాన్ని.

ఒక శనివారం మధ్యాహ్నం వేడివేడి కోడి సూపు తీసుకుని వెళ్ళాను. తలుపు తీసే ఉంది. అక్కకి కాస్త కన్నంటుకుంది. బావ వంటింటి బల్ల దగ్గర నాకు వీపు పెట్టి కూర్చున్నాడు, ముందు ల్యాప్‌టాప్. ఆ ఏటి బడిపిల్లల విందు ఫోటోలు చకచకా చేరుస్తున్నాడు. వరస మారుస్తున్నాడు, మొహాలు మధ్యకి జరుపుతున్నాడు, పేర్లు రాస్తున్నాడు. ఫోన్ తీసి అందులో ఎలా ఉందో కూడా చూసుకున్నాడు. ఎక్కడా తడబాటు లేదు. అంతా అయ్యాక కాసేపు దాన్ని చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత ఒక్కొక్కటే మళ్ళీ చెడగొట్టడం మొదలుపెట్టాడు.

సూపు గిన్నె పొయ్యి మీద ఠక్కుమని పెట్టాను. బావ ఉలిక్కిపడ్డాడు.

"ఎన్నాళ్ళనుంచి వచ్చు నీకు?"

అతను ల్యాప్‌టాప్ మూత సగం దించాడు. "రెండో సైటప్పటి నుంచీ."

"మరి ఈ నాటకమేంటి?"

"ఆవిడ దీనికోసమే లేచి కూర్చుంటోంది, స్తాంకా. నాకొచ్చేస్తే ఇక దేనికోసం కూర్చుంటుంది?"

అతని నోట ఒక్కసారి అన్ని మాటలు నేనెప్పుడూ వినలేదు. ఇంకొకప్పుడైతే కూర్చుని ఏడ్చేదాన్నే. కానీ పక్కగదిలో నిద్రలో కూడా అక్క మూలుగుతోంది. నాకు కోపమూ ఏడుపూ కలిసొచ్చాయి. సొరుగు లాగి పట్టీల పెట్టె తీసుకొచ్చి అతని ముందు పడేశాను.

"ఇవి చూడు. ఒక్కటి తప్ప అన్నీ ఉన్నాయి. నీకు నేర్పడానికి బుర్ర తేటగా ఉండాలట. నువ్వు నేర్చుకునేదాకా వేసుకోదట."

"నొప్పి తగ్గిందని చెప్పిందే నాకు!"

"నీకలాగే చెప్తుంది."

బావ పెట్టె తెరిచి లోపలికి చూశాడు. మూసి, మళ్ళీ తెరిచాడు. అతని మొహం చూడలేక నేను పొయ్యి వైపు తిరిగాను. చెప్పి తప్పు చేశానని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

సాయంత్రం అక్కని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టాం. బావ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"ఏంటి, పెళ్ళికెళ్తున్నావా?" అంది అక్క.

అతను మంచం అంచున కూర్చుని మొదలుపెట్టాడు. కావాలనే నెమ్మదిగా చేశాడు. ఆల్బం చేర్చాడు. మొదటి పేజీలో ఫోటో మార్చాడు. నీలం బొత్తం నొక్కి భద్రపరిచాడు. అక్క ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఒకచోట అతని వేలు ఆగితే, "అది కాదు, పక్కది" అనబోయి నోరు మూసుకుంది. అది పరీక్ష కదా మరి.

"వచ్చిందే! స్తాంకా, చూశావా, వచ్చేసింది!" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలో బలమే లేదు.

"చూశానక్కా."

"ఇప్పుడు అడుగున నంబరు మార్చు."

పేజీ అడుగున అక్క ఫోన్ నంబరుంది. బావ చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"అది ఉండనీ, రుమీ."

"ఎందుకుండాలి? పెళ్ళికూతుళ్ళు చేస్తే నేనెత్తుతానా? మార్చు."

అతను చివరినుంచి ఒక్కో అంకె చెరిపాడు. ఆ ఖాళీని అలాగే చూస్తూ ఉండిపోయాడు. తన నంబరు అతనికి గుర్తులేదు, ఎప్పుడూ ఎవరికీ ఇచ్చినవాడు కాదు. అక్కే చెప్పింది, అతను ఒక్కోటీ అందులో కొట్టాడు. ఆ తర్వాత 'ప్రచురించు' నొక్కాడు.

"ఇక పట్టీ తీసుకురావే," అంటూ అక్క తనే భుజం మీద చొక్కా జరుపుకుంది.

నేను అంటించాను. రాత్రి పొద్దుపోయాక ఆవిడ నుదుటి ముడి సడలింది. కళ్ళు మూతలు పడుతుండగా బావ వైపు తిరిగింది.

"నిజం చెప్పు. ఎప్పుడొచ్చింది నీకు?"

బావ నా వైపు చూడలేదు. "ఇవాళే, రుమీ. నువ్వు నేర్పితేనే వచ్చింది."

"మొద్దు," అని తృప్తిగా నవ్వి నిద్రపోయింది. ల్యాప్‌టాప్ మూసేసినా బావ ఆ అంచు మీదనుంచి లేవలేదు. ఆ తర్వాత అక్క మళ్ళీ లేచి కూర్చోలేదు.