గుండె మోగే గది

గున్నేశ్వరరావుని ఎవరైనా వద్దన్నారంటే చాలు, ఆ పని చేసి తీరాల్సిందే. రావులపాలెంలో ముప్పయ్యేళ్లుగా అరటిగెలల వ్యాపారం. మాట నెగ్గించుకోవడం అక్కడే అలవాటైంది. మూడు నెలల క్రితం గుండెకి స్టెంటు వేసిన డాక్టరుగారు మెట్లెక్కొద్దన్నారు. ఇంకేముంది, కంబోడియా టూరుకి పేరిచ్చాడు. అంకోర్ వాట్ గర్భగుడి చూసి తీరతాడట! భార్య మీనాకుమారి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెంట వచ్చింది.

గుడి చూస్తే ఆమెకి కళ్లు తిరిగాయి. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి పేర్చుకుంటూ పోయారు. వసారా దాటితే మరో వసారా, లోపలికెళ్లేకొద్దీ చీకటి. నడిమధ్యన నిట్టనిలువు మెట్లు, వాటి పైన గర్భగుడి. ఆ మెట్లకంటే నిచ్చెన నయమనుకుని ఆమె భర్త చొక్కా పట్టుకుంది.

మెట్లకి ఇవతల ఓ ఇరుకు గది ఉంది. గైడు అందులో చప్పట్లు కొట్టి చూపించాడు. ఉలుకూ పలుకూ లేదు. గోడకి వీపానించి పిడికిలితో రొమ్ము మీద గుద్దుకున్నాడు. ధమ్మ్! గదంతా మోగింది.

"అయ్య బాబోయ్, నేనూ చూస్తానండి!" అంటూ వాళ్లతో వచ్చిన సత్యకుమారి, వరసకి వదిన, గుద్దుకుంది. ధమ్మ్! "నువ్వూ రా మీనా."

"బానే ఉందొదినా! శుభమా అని గుడికొచ్చి గుండెలు బాదుకోవడమేంటి? అది చావింట్లో చేసే పని. పసుపుకుంకాలతో ఉన్నదాన్ని, నేను చచ్చినా చెయ్యను."

"నీ చాదస్తంతో చంపుతున్నావే," అంటూ గున్నేశ్వరరావు గోడకానుకుని గుద్దుకున్నాడు. మోగలేదు. మళ్లీ గట్టిగా గుద్దుకున్నాడు. ఊహూఁ. గైడు మొహంలో నవ్వు పోయింది.

మీనాకుమారి అతని చెయ్యి పట్టుకుంది. "ఏవండీ, మీకు దణ్ణం పెడతాను. పైకెళ్లొద్దు."

"ఎహె, ఊరుకో! నా గుండె సంగతి రాయికేం తెలుసు? కోరుకొండ గుడి మెట్లన్నీ పరిగెత్తి ఎక్కిన కాళ్లివి." చెయ్యి విదిలించుకుని వెళ్లిపోయాడు. వదినా గైడూ బతిమాలుతూ వెంటపడ్డారు.

గుమ్మంలోంచి ఆమెకి అన్నీ కనిపిస్తున్నాయి. సగం మెట్లెక్కి అతను ఆగాడు. ఒక చెయ్యి కమ్మీ మీద, ఒక చెయ్యి రొమ్ము మీద. కాసేపాగి ఇంకో మెట్టెక్కాడు. ఓరి దేవుడా, ఈ మనిషి ఆగడు! "ఏవండీ!" అని అరిచింది. కేక గుమ్మం దాటలేదు. ఆమె గోడకి వీపానించి, కళ్లు మూసుకుని, రెండు చేతులతో గుండెలు బాదుకుంది. బతికున్న మొగుడికోసం బాదుకుంటున్నాను, ఈ పాపం నాకే తగలనీ తండ్రీ అనుకుంటూ బాదుకుంది.

గుడి దద్దరిల్లింది. అతను వెనక్కి తిరిగాడు. ఒక్కో మెట్టూ దిగుతున్నంతసేపూ ఆమె ఆపలేదు. చెమటతో తడిసి, నెత్తురు చుక్క లేని మొహంతో అతను గదిలోకి వచ్చిపడ్డాడు.

"వచ్చారా నాయనా!" అని ఏడ్చేసింది. అతను ఆమె చేతులు పట్టుకుని, కళ్లు మూసుకుని, ఆమె భుజం మీద వాలిపోయాడు. ముప్పయ్యేళ్ల కాపురంలో అతను భయపడగా ఆమె చూడటం ఇదే మొదలు.

ధమ్మ్. ధమ్మ్.

"వచ్చేశాను కదే," అన్నాడు గొణుగుతూ. "ఇంక ఆపు మీనా, భయమేస్తోంది."

ఆమె రెండు చేతులూ అతని చేతుల్లోనే ఉన్నాయి.