మా ఆయన ఎడమ కాలు

మా ఆయన వెండెల్ ముప్పై ఏళ్ళుగా క్లచ్ ఉన్న ట్రక్కులే నడిపాడు. ఆ ముప్పై ఏళ్ళూ అతని ఎడమ కాలికి పట్టేశాయి. అది తెలిసి కూడా, నేను నా చేతులతో కట్టిన ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న బండిని అతని చేతికిచ్చాను చూడండి, అదీ నా తెలివి.

పందొమ్మిదేళ్ళు ఊళ్ళో గ్యారేజీలో పనిచేసి, ఏప్రిల్‌లో మానేసి, మా పాత పశువుల కొట్టంలో సొంత షాపు పెట్టాను. 'నాడీన్ స్టకీ, ఆటోమేటిక్ గేర్‌బాక్సులు' అని బోర్డు నేనే రాసుకున్నాను. ఆగస్టు వచ్చేసరికి నా దగ్గరికొచ్చిన బండ్లు మూడు. అందులో ఒకటి మా అక్కది. మిగతా రైతులందరిదీ ఒకటే మాట: "ఫెయిర్‌లో చూద్దాంలే నాడీన్." మా కౌంటీ ఫెయిర్ అనే తిరునాళ్ళలో, ట్రక్కు వెనక బరువు పెట్టెతో ఉన్న స్లెడ్ కట్టి ఎవరెంత దూరం ఈడుస్తారో చూసే పోటీలో నా గేర్‌బాక్స్ నిలబడితే వాళ్ళ డీజిల్ ట్రక్కులు నా కొట్టానికి వస్తాయి. నలుగురి ముందూ చేతులెత్తేస్తే నేను బోర్డు పీకేసి, పాత యజమాని దగ్గరికెళ్ళి తల వంచుకుని నిలబడాలి. దానికంటే గొడ్ల పేడ ఎత్తుకోవడం నయం నాకు.

పోటీలో నేనే నడుపుతానని ముందే అన్నాను. "నువ్వు కట్టావు, నేను లాగుతాను. ఇద్దరి పేరూ ఉంటుంది" అన్నాడు వెండెల్. నాకు ముచ్చటేసి ఒప్పుకున్నాను. బుద్ధి గడ్డి తింది.

వెండెల్ వాళ్ళన్న హార్లన్‌కి ఆటోమేటిక్ అంటే మహా చులకన. ఆ వేసవంతా ఆదివారం భోజనాల దగ్గర అతనిది ఒకటే పాట.

"గేర్ వేయడం చేతకానివాళ్ళ కోసం చేసిన బండి అది. అందులో కూర్చుని స్వెట్టర్ అల్లుకోవచ్చు."

"నీ బండిలో క్లచ్ తొక్కితే జోరు చచ్చిపోతుందని ఒకే గేర్‌లో చివరిదాకా ఏడిపిస్తూ లాగుతావు" అన్నాను. "నాది రెండో గేర్‌లో బయల్దేరుతుంది. సగం దారిలో మీట లాగితే పట్టు వదలకుండా మూడులోకి పోతుంది. అన్నంత పనీ చేయకపోతే అప్పుడడుగు."

"మరి నడిపేది మా తమ్ముడా?" అని హార్లన్ బంగాళాదుంపలు వడ్డించుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే అతను కుళ్ళుతో అన్నా నిజమే అన్నాడు.

మీట లాగేటప్పుడు డ్రైవరు చేయాల్సింది ఏమీ లేదు. కుడి కాలు ఏక్సిలరేటర్ మీంచి తీయకూడదు, ఎడమ కాలు నేల మీంచి లేపకూడదు. అంతే. కానీ వెండెల్ చెయ్యి మీట మీదికి వెళ్తే చాలు, ఎడమ కాలు తనంతట తనే లేచిపోతుంది. పోటీకి ముందు వారం రోజులు వంటింట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. నేను మొక్కజొన్న కంకులు ఒలుస్తూ "మూడు" అంటాను. అతను ఉత్తి గాలిలో మీట లాగుతాడు. కాలు లేస్తుంది.

"కాలు" అంటాను.

"ఏ కాలు?" అంటాడు.

చెవిలో ఇల్లు కట్టుకుని పోరగా పోరగా శుక్రవారానికి ఆ కాలు లొంగింది. వరసగా పదిహేనుసార్లు కాలు కదల్లేదు. సంతోషం పట్టలేక పీచ్ పండ్లు కూరిన తీపి రొట్టె కాల్చి పెట్టాను.

శనివారం మధ్యాహ్నం ఫెయిర్ మైదానం కిటకిటలాడిపోయింది. కాఫీ డబ్బాలోంచి చీటీ తీస్తే వెండెల్‌కి ఒకటో నంబరు వచ్చింది. ఒకటో నంబరు ఎవరికీ వద్దు. మట్టి ఎంత గట్టిగా ఉందో, స్లెడ్ ఎంత బరువు పెట్టారో ముందు వెళ్ళేవాడి మీదే తేలుతుంది. అందుకే మొదటి బండికి మా దగ్గర ఒక వెసులుబాటు ఉంది. లాగిన దూరం నచ్చితే ఉంచుకోవచ్చు. నచ్చకపోతే వదిలేసుకుని అందరి తర్వాత మళ్ళీ లాగొచ్చు. ఏ సంగతో రెండో బండి కట్టేలోపే చెప్పేయాలి.

స్లెడ్ గొలుసు తగిలించారు. వెండెల్ ఎడమ కాలితో బ్రేక్ పట్టి ఇంజన్‌ని రేపాడు. పచ్చ జెండా ఊపగానే బ్రేక్ వదిలాడు. బండి ఎంత అందంగా బయల్దేరిందంటే, కంచె పట్టుకుని నిలబడ్డ నాకు ఊపిరాడలేదు. స్లెడ్ మీద బరువు పెట్టె మెల్లగా ముందుకి జరుగుతోంది. అది జరిగేకొద్దీ లాగడం కష్టమవుతుంది. వంద అడుగులు. నూట ముప్పై. ఇప్పుడు మార్చాలి అనుకున్నాను. మార్చాడు.

బండి ముక్కు నేలకి ఒంగింది. నాలుగు చక్రాలూ బిగుసుకుపోయి ఉన్నచోటే ఆగిపోయింది. ఆ నల్లపొగలో వెనక ఎర్రలైట్లు వెలిగి ఆరడం నేను చూశాను. నేను తప్ప ఇంకెవరూ చూసినట్టు లేరు.

నూట నలభై ఒక్క అడుగులు. ఆగిన స్లెడ్‌ని మళ్ళీ కదపనివ్వరు.

"గేర్‌బాక్స్ పోయింది" అన్నారు నా వెనక ఎవరో. ఆ మాట బెంచీల వెంట పైదాకా పాకింది. మూడో వరసలో నా పాత యజమాని పక్కవాడి చెవిలో ఏదో చెప్పి నవ్వాడు. నాలుగు నెలల కష్టం, ఆ బోర్డు, అంతా అయిపోయిందనుకున్నాను.

మైకు పట్టుకున్న ఎల్విన్ కిటికీ దగ్గరికెళ్ళి, "ఏమైంది వెండెల్, గేర్‌బాక్స్ చచ్చిందా?" అన్నాడు.

వెండెల్ తల ఊపితే చాలు, గండం గట్టెక్కేవాడు. మా హాల్లో అలమరలో అతను గెలిచిన కప్పులు ఏడున్నాయి. ఈ కౌంటీలో స్లెడ్ లాగడం గురించి అతని మాటకి తిరుగులేదు. వెండెల్ బండి దిగి, ఎల్విన్ చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"గేర్‌బాక్స్‌కి ఏమీ కాలేదు. నేనే లేని క్లచ్ తొక్కాను. అక్కడున్నది బ్రేకు."

జనం నవ్వారు చూడండి, పక్క షెడ్డులో గొర్రెలు కూడా బెదిరి అరిచాయి. హార్లన్ కంచె మీద పడి నవ్వుతుంటే టోపీ ఊడి మట్టిలో పడింది. వెండెల్ చెవులు ఎర్రబడ్డాయి, కానీ మైకు వదల్లేదు.

"ఈ దూరం మాకొద్దు. మళ్ళీ లాగుతాం. ఈసారి నడిపేది నాడీన్."

కమిటీ ఆవిడ ఆర్లీన్ కళ్ళజోడు పెట్టుకుని నియమాల పుస్తకం తిరగేసింది. "రెండో అవకాశం బండికి అని ఉంది. డ్రైవరు సంగతి రాయలేదు. ఇక్కడ సంతకం పెట్టి హెల్మెట్ పెట్టుకో తల్లీ" అంది.

మిగతా బండ్లు లాగుతున్నంతసేపూ మేమిద్దరం ట్రక్ నీడలో కూర్చున్నాం. హార్లన్ రెండొందల తొంభై మూడు అడుగులు లాగాడు.

"అందరి ముందూ చెప్పాలా? ఇక నిన్ను బతకనిస్తారా వీళ్ళు?" అన్నాను.

"చెప్పకపోతే అది నీ బోర్డు మీద పడుతుంది కదా" అన్నాడు. "నాకేం, ఏడు కప్పులున్నాయి. నీకు ఉన్నది ఒక్క బోర్డే."

ఇలాంటి మాటలు అతను పెళ్ళప్పుడు కూడా అనలేదు. నిమ్మరసం అంతా నువ్వే తాగేశావేంటని గదమాయించాను.

నా వంతు వచ్చింది. ఎడమ కాలితో బ్రేక్ పట్టి, గొలుసు బిగిసేదాకా ఆగి, ఇంజన్‌ని రేపాను. జెండా ఊగింది. ఎడమ కాలు తీసి నేలకి ఆనించాను. నూట ముప్పై దగ్గర మీట లాగాను. ఇంజన్ గొంతు కొంచెం దిగింది, బండి మాత్రం తడబడలేదు, ఇంకా గట్టిగా పట్టుకుంది. నేను లోపల కూర్చుని పిచ్చిదానిలా నవ్వుకున్నాను. చివర్లో ముందు చక్రాలు తేలి, వెనకవి మట్టి తవ్వి, బండి ఆగింది.

రెండొందల ఎనభై తొమ్మిది. నాలుగడుగుల తేడాతో హార్లన్ గెలిచాడు.

అతను మట్టి దులిపిన టోపీ పెట్టుకుని వచ్చాడు. "నాలుగడుగులేనా?" అన్నాడు, గెలిచినవాడి గొంతే కాదది. బండి కింద వంగి చాలాసేపు చూశాడు. ఇంతలో గుమిగూడినవాళ్ళు ఏడెనిమిది మంది అయ్యారు. వచ్చిన ప్రతివాడికీ వెండెల్ తన కాలు కథ మొదట్నుంచీ చెప్పాడు. ఎవరూ అడగకముందే చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ నవ్వించాడు, చివర్లో "గేర్‌బాక్స్ తప్పు ఇంత కూడా లేదు" అని మాత్రం నవ్వకుండా అన్నాడు.

అందరి వెనక లెస్టర్ బ్రూబేకర్ నిలబడి ఉన్నాడు. వేసవంతా గేర్లు నిలవక జారిపోతున్న గేర్‌బాక్స్‌తోనే ధాన్యం తోలుతూ, ఫెయిర్‌లో చూద్దాం అన్న ముసలాయన.

"సోమవారం నా బండి తెస్తాను నాడీన్" అన్నాడు. "ఒక్కటే షరతు. షాపు ముందు దాన్ని అటూ ఇటూ జరపాల్సి వస్తే నువ్వే నడుపు. మీ ఆయన్ని ఎక్కనివ్వకు."

అందరికంటే గట్టిగా నవ్వింది వెండెలే. నాకు మాత్రం కళ్ళు నిండిపోయాయి. గ్రీజు చేతుల్తోనే తుడుచుకుని, లెస్టర్‌ని పొద్దున్న ఏడింటికల్లా రమ్మన్నాను.