అడ్రసు లేని డబ్బా

ఆడపిల్ల అద్దం ముందు అయిదు నిమిషాలు ఎక్కువ నిలబడితే మన ఇళ్ళలో ఎన్ని కళ్ళు ఆ అద్దం వైపు తిరుగుతాయో మీకు తెలియనిది కాదు. ఫలక్‌నుమాలోని బాలమ్మ ఇంట్లో అద్దం తలుపు వెనక మేకుకు వేలాడుతుంది. మూడు నెలలుగా ఆమె కూతురు రశ్మి పొద్దున్నే ఆ తలుపు చాటున నిలబడి ముఖానికి ఏదో పూసుకుంటోంది. పూసుకున్నది చాలదన్నట్టు చున్నీ ముఖం చుట్టూ కప్పుకుని కాలేజీకి పోతోంది. బియ్యం కడుగుతూ బాలమ్మ ఓరకంట చూసేది. చూసిన ప్రతిసారీ, ఈ సింగారమంతా ఎవరి కోసమో అని ఆమెకు అనుమానం వేసేది.

రశ్మి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. వాళ్ళ వంశంలో ఇంటర్ దాటిన మొదటి పిల్ల. తండ్రి కైలాసం కరెంటాఫీసులో హెల్పరు. రోజంతా స్తంభాలెక్కి దిగే మనిషి, చెడ్డవాడు కాదు కానీ పరువు మాట వస్తే మాత్రం వెనకాముందూ చూడడు. కాలేజీలో చేర్పించిన రోజునే తేల్చి చెప్పాడు, ఎక్కడైనా తేడా కనపడిందంటే ఆ రోజుతో చదువు బంద్ అని. అందుకే బాలమ్మ తన అనుమానాన్ని మొగుడి చెవిన వేయలేదు. తన నోటి నుంచి ఒక్క మాట జారితే కూతురి చదువు అక్కడితో ఆగిపోతుందని ఆమెకు బాగా తెలుసు. అలాగని మనసు ఊరుకుంటుందా?

తల సంగతీ మారింది. ఇదివరకు రోజూ పొద్దున కారేటట్టు నూనె పోసి, కణతలు లాగేటట్టు బిగించి జడ వేసేది బాలమ్మ. ఇప్పుడా పిల్ల తలస్నానానికి గంట ముందు నూనె రాసుకుంటే చాలంటోంది. తడి తలను దువ్వనివ్వదు, ఆరేదాకా జడ వేసుకోదు. వెడల్పు పళ్ళ దువ్వెన ఒకటి కొనుక్కుని దాన్ని సంచిలోనే పెట్టుకుంటోంది. ఇంటిల్లిపాదీ వాడే దువ్వెన ముట్టదు. దువ్వెన కూడా వేరు పెట్టుకుందంటే పిల్ల సగం ఇల్లు దాటిపోయినట్టేనని బాలమ్మకు అనిపించింది.

అన్నిటికన్నా ఆమెకు కోపం తెప్పించింది మాత్రం క్రీం మానేయడం. ఆ క్రీం కథ కాస్త చెప్పాలి.

బాలమ్మ పనిచేసేది వాళ్ళ గల్లీ చివర రేకుల షెడ్డులో. జగదీశ్వర్ సేఠ్ అక్కడ ముఖం తెల్లబడే క్రీం తయారు చేయిస్తాడు. ఆరుగురు ఆడవాళ్ళు దాన్ని చెంచాతో చిన్న డబ్బాల్లో నింపి, మూత పెట్టి, గులాబి పువ్వు బొమ్మ అంటిస్తారు. కలిపే పని మాత్రం సేఠ్‌దే. పొద్దున్నే వెనక గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని ఒక్కడే కలుపుతాడు. మందుల దుకాణంలో దొరికే ట్యూబులు ఖాళీ అయ్యాక గోనెసంచిలో బయటికి వచ్చి, షెడ్డు వెనకే కాలిపోయేవి. ఆడవాళ్ళు అది చూడకపోలేదు. చూసి, మందు కూడా కలుస్తోందంటే సరుకు మస్తు మంచిదే అనుకున్నారు. ఇంత పెద్ద పట్నంలో ఎవరో ఎక్కడో చేసిన క్రీం కొనుక్కునేవాళ్ళను చూసి బాలమ్మ జాలిపడేది. తన చేత్తో నింపిన దాన్ని మించి నమ్మదగినది ఏముంటుంది?

రశ్మి చామనచాయ. పెళ్ళిచూపులనాటికి పనికొస్తుందని, ఏడాది కిందట బాలమ్మ డబ్బా తెచ్చి తానే రోజూ ముఖానికి రాయడం మొదలుపెట్టింది. మొదటి నెలలోనే పిల్ల ముఖం దీపంలా వెలిగింది. గల్లీలో అందరూ మెచ్చుకున్నారు. తొమ్మిది నెలల తరువాత ఒకరోజు రశ్మి, ఎండలోకి పోతే ముఖం మండుతోందని, ఇక రాసుకోనని చెప్పింది. మానేసిన వారానికే ముఖం కందిపోయింది. మానేసినందుకే ఇట్లా అయిందని బాలమ్మ డబ్బా పట్టుకుని వెంటపడింది. రశ్మి ఒప్పుకోలేదు. ఆ తరువాతే తలుపు చాటు పూతలు మొదలయ్యాయి. తల్లి ఇచ్చింది చేదై, ఇంకెవరో ఇచ్చింది ముద్దయిందా అని బాలమ్మ కుమిలిపోయింది.

షెడ్డులో ఆమె పక్కనే కూర్చునే వరమ్మ ఇంటి దగ్గర కూడా ఆమెకు పొరుగే. మంచిదే, కానీ ఇరుగింటి పొయ్యిలో ఎప్పుడూ ఒక పుల్ల ఎగదోయకపోతే ఆమెకు తోచదు.

"శనివారం కాలేజ్ బంద్ ఉంటది కదక్కా," అంది ఒకరోజు మూతలు బిగిస్తూ. "మరి మీ రశ్మి ప్రతి శనివారం రైలెక్కి ఏడికి పోతుంది? ఉత్తగనే ఎవరన్నా గట్ల సింగారించుకుంటరా?"

శనివారాలు ప్రాక్టికల్స్ ఉన్నాయని రశ్మి చెప్పింది మరి. బాలమ్మ చేతిలోని చెంచా ఆగిపోయింది. ఈసారి వెంట వెళ్ళి చూడాల్సిందేనని అప్పుడే అనుకుంది.

శనివారం వచ్చింది. పని ఎగ్గొట్టి, కొంగు నెత్తిమీదికి లాక్కుని, ఫలక్‌నుమా స్టేషన్‌లో కూతురి పెట్టె పక్క పెట్టె ఎక్కింది బాలమ్మ. ప్రతి స్టేషన్‌లో తల బయటపెట్టి చూసింది. మలక్‌పేటలో రశ్మి దిగింది. తల్లీ దిగింది. పిల్ల ఆటో ఎక్కితే తల్లి వెనకాల ఇంకో ఆటో ఎక్కింది. దారి పొడవునా ఎవడో ఒకడు ఎదురొచ్చి పిల్లను పలకరిస్తాడని ఆమె కళ్ళు వెతికాయి. బండి మీద వెళ్ళే ప్రతి కుర్రవాడి మీదా ఆమెకు అనుమానమే. ఎవరూ రాలేదు. సైదాబాద్‌లో పిండిగిర్నీ పక్క మెట్లెక్కి రశ్మి పై గదిలోకి వెళ్ళిపోయింది.

బాలమ్మ వెనకాలే మెట్లెక్కింది. ఓరగా వేసిన తలుపు లోపలినుంచి మాటలు వినిపించాయి. పెద్దవయసు ఆడమనిషి గొంతు గద్దిస్తోంది.

"ఏం పూసుకోవద్దని డాక్టరమ్మ చెప్పలేదా? మళ్ళెందుకు పూసుకొచ్చినవ్?"

"ఇంట్ల అమ్మ చూస్తది మేడం," అంది రశ్మి.

ఇంకేం కావాలి? బాలమ్మకు ఇన్నాళ్ళ అనుమానానికి సాక్ష్యం దొరికిపోయింది. డాక్టరమ్మ అన్న మాటకు ఆమె మనసు ఎక్కడెక్కడికో పోయింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

గదిలో పదిమంది దాకా కాలేజీ పిల్లలు చాపల మీద కూర్చుని ఉన్నారు. కిటికీ పక్క కుర్చీలో రశ్మి. నెరిసిన జుట్టు ముడేసుకున్న ఒకావిడ తడిబట్టతో పిల్ల ముఖం మెల్లగా తుడుస్తోంది. తుడిచినంత మేర పూత పోయి అసలు ముఖం బయటపడింది. రాత్రి దీపం ఆర్పాకే పూత తుడుచుకునే కూతురి ముఖాన్ని మూడు నెలల తరువాత పట్టపగలు చూసింది బాలమ్మ. చెంపలు ఉడికినట్టు ఎర్రగా ఉన్నాయి. చర్మం పలచబడి, దాని కింద సన్నటి ఎర్ర దారాల్లా నరాలు కనిపిస్తున్నాయి. గడ్డమంతా కురుపులు. పై పెదవి మీద మగపిల్లవాడికి వచ్చినట్టు నూగు.

"ఏందే ఇది? ఎవడు చేసిండే ఇట్ల?" అంది బాలమ్మ.

రశ్మి తల వంచుకుంది. ఆవిడ బట్ట పక్కన పెట్టి బాలమ్మకు కుర్చీ జరిపింది. ఆవిడ పేరు సుశీలమ్మ. ముప్ఫై ఏళ్ళుగా సైదాబాద్‌లో బ్యూటీపార్లర్ నడుపుతూ, శనివారాలు చదువుకునే పిల్లలకు ముఖం, జుట్టు బాగా చూసుకోవడం ఊరికే నేర్పుతుంది. ముందు ముఖం కడుక్కోవడం నేర్చుకోనిదే ఎవరినీ కాటుక ముట్టనివ్వదు. ఘాటు లేని సబ్బు, ఎండకు వెళ్ళేముందు సన్‌స్క్రీన్, పూసుకుంటే తన రంగుకు సరిపోయేదే పలచగా, పడుకునేముందు తప్పకుండా తుడిచెయ్యడం, ఏ కొత్త వస్తువైనా ముందు మోచేతి మడతలో రాసి ఒకటి రెండు రోజులు చూడడం. తల విషయంలో రశ్మి ఇంట్లో పాటిస్తున్నవన్నీ ఇక్కడ నేర్చుకున్నవే. ఒకరి చుండ్రు, పేలు ఇంకొకరికి అంటకూడదనే దువ్వెన వేరు పెట్టుకుంది పిల్ల.

"కూసోండ్రమ్మా. ఎవ్వడు ఏం చెయ్యలే," అంది సుశీలమ్మ. "ఒక క్రీం రాసుకున్నదంట, తొమ్మిది నెలలు. నేనే పెద్దదవాఖానకు తోల్కపోయిన. డబ్బ మీద గులాబిపువ్వు ఉంటదని చెప్పింది గని, అది ఎవరిచ్చిన్రో ఎంత అడిగినా చెప్తలేదు. మీకెరుకనా?"

బాలమ్మ కూతురి వైపు చూసింది. కూతురు కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"నేనే ఇచ్చిన," అంది బాలమ్మ చివరికి. "నేనే నింపుత మేడం. నా చేతులతోనే."

సుశీలమ్మ కోపం లేకుండా అడిగింది, ఆ డబ్బా మీద లోపల ఏముందో రాసి ఉంటుందా, ఎవరు చేశారో, ఎక్కడ చేశారో, ఎప్పటిదాకా వాడాలో ఉంటుందా అని. బాలమ్మకు చదవడం వచ్చు. ఆ చేతులతో ఎన్ని వేల బొమ్మలు అంటించిందో లెక్కలేదు. వాటి మీద చదవడానికి ఒక్క అక్షరం లేదన్న సంగతి ఆమెకు ఆ రోజే తట్టింది.

డాక్టరమ్మ చెప్పిందంతా సుశీలమ్మ విడమరిచి చెప్పింది. కలిపింది స్టెరాయిడ్ మందు అయి ఉంటుందట. జబ్బు చూసి, డాక్టరు రాసిస్తే కొద్దిరోజులు వాడవలసినది. అదే రోజూ ముఖానికి పూస్తే మొదట తెల్లగా మెరిసి, తరువాత చర్మాన్ని తినేస్తుంది. మానేస్తే ముఖం భగ్గుమంటుంది. అది చూసి భయపడి జనం మళ్ళీ రాస్తారు, అమ్మేవాడికి కావలసిందీ అదే. నయం కావడానికి నెలలు పడుతుందని, ఓపిక పట్టాలని డాక్టరమ్మ చెప్పిందట.

"నాకెందుకు చెప్పలే బిడ్డా?" అని అడిగింది బాలమ్మ.

రశ్మి అప్పటికి తల్లి వైపు తిరిగింది. "నువ్వే రాసినవ్ కదమ్మా, రోజు, ప్రేమతోని. దాంతోనే గిట్లయిందని తెలిస్తే నువ్వు తట్టుకోవనుకున్న. గందుకే తగ్గేదాక కప్పిపెట్టుకుందమనుకున్న."

చదువరులారా, ఆ తల్లి పరిస్థితి ఒక్కసారి ఆలోచించండి. తల్లి మనసు నొచ్చకూడదని కూతురు తన ముఖం దాచుకుంది. దాచుకున్నందుకు తల్లి దొంగను తరిమినట్టు రైలెక్కి తరిమింది. పిల్ల రంగు తక్కువని ఏడాది కిందట మొదలైన దిగులే ఇంత పని చేసింది. బాలమ్మ కూతురి చేతులు పట్టుకుని అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది. సిగ్గనిపించలేదు.

ఇంటికి వచ్చి మొగుడికి అంతా చెప్పింది, తన అనుమానంతో సహా. కైలాసం కూతురి గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకు తిప్పి చూశాడు. చదువు మాన్పించే మాట ఎత్తలేదు. వచ్చే శనివారం దవాఖానకు తానే తీసుకుపోతానని మాత్రం అన్నాడు.

సోమవారం బాలమ్మ షెడ్డుకు వెళ్ళింది కానీ చెంచా పట్టుకోలేదు. సేఠ్ వెనక గదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చేదాకా నిలబడింది. ఆయన చేతులకు రబ్బరు తొడుగులు ఉన్నాయి. రోజూ ఉండేవే, ఆ రోజు ఆమె వాటిని చూసింది.

"సేఠ్, మీ బిడ్డ గీ క్రీం రాసుకుంటదా?" అని అడిగింది.

జగదీశ్వర్ నవ్వాడు. "మా పిల్ల తెల్లగనే పుట్టింది. దానికెందుకు?"

"తెల్లగ పుట్టనోళ్ళ ముఖాలే కాలాల్నా సేఠ్?"

సేఠ్ ముఖంలో నవ్వు పోయింది. ఇష్టం లేకపోతే పొమ్మన్నాడు, బయట ఎక్కడైనా నోరు తెరిస్తే బాగుండదన్నాడు. బాలమ్మ మిగతా అయిదుగురి వైపు తిరిగి, శనివారం తాను చూసింది చూసినట్టు చెప్పింది. మందుల తనిఖీ ఆఫీసుకు అర్జీ పెడతానని కూడా సేఠ్ వినేటట్టే చెప్పి బయటికి వచ్చింది. రేపటినుంచి పని ఎక్కడ వెతుక్కోవాలో ఆమెకు తెలియదు. భయం వేసింది. అయినా వెనక్కి తిరగలేదు.

గల్లీ మలుపులో వెనకనుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. వరమ్మ పరుగెత్తుకుని వస్తోంది. వచ్చి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది.

"మా చిన్నదానికి గూడ రాస్తున్నక్కా. ఎనిమిదో తరగతి పిల్ల. ముఖం మండుతుంది, ఎండల బడికి పోనంటుంటే, బడి ఎగ్గొట్టనీకి నాటకమాడుతుందని మొన్న కొట్టిన." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇప్పుడు నేనేం చెయ్యాలె?"

బాలమ్మ ఆమె భుజం పట్టుకుంది. మొన్నటిదాకా తన ఇంట్లో అనుమానం రాజేసిన మనిషి మీద ఆమెకు కోపం రాలేదు. ఆ పిల్లలో తన పిల్లే కనపడింది.

"ఫికర్ చెయ్యకు, రేపే దవాఖానకు పోదాం, నేనొస్త. ముందైతే ఇంటికి పోయి బిడ్డను దగ్గరికి తీసుకో," అంది. "అది పుట్టిన రంగు రోగం కాదు వరమ్మా. అడ్రసు లేని డబ్బను నమ్మి, కన్నబిడ్డను అనుమానించినం సూడు, అదీ మన రోగం."