ఊడ్చిన అడవి

జంబన్న వేపమాను మొదట్లో చెదలు గోకుతుండగా చీపుర్ల చప్పుడు వినిపించింది. పొద్దున ఎనిమిది కూడా కాలేదు. అడవిలో చీపుర్లేమిటని కర్ర అందుకుని చప్పుడు వచ్చినవైపు నడిచాడు. ఎండకు నల్లగా మాడిన మనిషి. తుమ్మముళ్లు గీరీ గీరీ ముంజేతుల మీద తెల్లటి చారలు పడ్డాయి. కుడికంట్లో పువ్వు వల్ల తలను కొంచెం పక్కకు తిప్పి చూస్తాడు.

కల్మల ఊరు దాటాక రోడ్డుకు లోపలగా ఉన్న ఆ ఇరవై ఎకరాలకు ఇరవై రెండేళ్లుగా అతనే కావలి. రోజుకూలీ. పర్మినెంట్ చేస్తామన్న సాహెబులంతా రిటైరై హాయిగా పెన్షన్లు తింటున్నారు. అతను వచ్చిన కొత్తలో అదంతా గునపం దిగని మొరం నేల. నాటిన వేప, కానుగ మొక్కలు చెట్లయ్యాయి. ఏటా రాలిన ఆకును ఎవరినీ ముట్టనివ్వలేదు. పొయ్యిలోకని గంపలతో వచ్చినవాళ్లతో కొట్లాడి తిట్లు తిన్నాడు. ఇప్పుడక్కడ కాలు పెడితే నేల మెత్తగా దిగుతుంది.

పోయిన వారం సర్వే పిల్ల స్ఫూర్తి వచ్చి నాలుగు చోట్ల పసుపు రిబ్బన్లు కట్టి వెళ్లింది. రాయచూరు బట్టలబజారులో ఇల్లున్న పిల్ల. అతని పక్కనే గట్టు మీద కూర్చుని విడమరిచి చెప్పింది.

"చెట్టు గాలిల పొగను తిని కట్టె చేసుకుంటది తాతా. ఆకు రాలి కుళ్లితె అది మట్టిల దిగుతది. మానులకంటె మట్టిలనే ఎక్కువుంటది."

ఆ నాలుగు చోట్ల ఆకు, మట్టి కొలత బాగా వస్తే అది అడవిగా ఉంటుంది. రాకపోతే గోదాములకు ఇచ్చేస్తారు. జంబన్నకు ఆ సంగతి అర్థమైనంత బాగా ఆఫీసులో ఒక్కడికీ అర్థం కాలేదు.

ఇప్పుడు వెళ్లి చూస్తే, కూలికొచ్చిన జయాబాయి, ఇంకో నలుగురు ఆడవాళ్లు ఆ ఆకులే ఊడ్చి కుప్పలు పోస్తున్నారు. ఇద్దరు మగవాళ్లు మానులకు సున్నం, ఎర్రమట్టి పట్టీలు వేస్తున్నారు. సూపర్‌వైజర్ శివరాజ్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏంది సార్ గిది? ఆ పాప కొలిచేదే గీ ఆకు!"

"పెద్దసాబ్ వస్తుండు ఇయ్యాల. గింత కచరా చూస్తె నా నౌకరి ఉంటదా? జంగల్ సాఫ్‌గుండాలె."

అధికారి వస్తున్నాడంటే మనవాళ్లకు తెలిసిన మర్యాద ఒక్కటే. ఊడ్చి సున్నం కొట్టడం. బడైనా అంతే, ఆస్పత్రైనా అంతే. అడవిని కూడా వాకిలి చేశారు, సిగ్గులేనివాళ్లు.

శివరాజ్ అగ్గిపుల్ల గీశాడు. ఫాల్గుణమాసపు ఆకు, భగ్గుమంది. గాలికి మంట కుప్పలు దాటి పాకింది. జంబన్న కానుగ కొమ్మ విరిచి గంటసేపు మంటను బాదాడు. నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాడు. ఆర్పేసరికి మూడు రిబ్బన్ల చోటా బూడిదే మిగిలింది. దగ్గు ఆగలేదు. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది.

పదకొండింటికి స్ఫూర్తి వచ్చింది. ఆకు కొలిచే చదరపు చట్రాన్ని రిబ్బన్ కింద నేల మీద పెట్టి, అందులోని బూడిదను చూసి తలెత్తింది.

"ఎంత నీట్‌గ చేయించిన చూడండి మేడమ్," అన్నాడు శివరాజ్.

"కొలిచేదాన్నే కాల్చి నీట్ అంటవేంది? ఇరవై రెండేండ్లది సార్, గంటల పొగజేసినవ్!" ఆ పిల్ల జంబన్న వైపు తిరిగింది. "తాతా, నాలుగోది?"

"బండగుండ్లకాడిదా? అటు చీపురు పోలే బిడ్డా."

"ఎవ్వర్నీ రానియ్యకు. ఇక్కడ మట్టి తవ్వుకోని వస్త."

జంబన్న వెళ్లాడు. కాసేపటికే శివరాజ్ పంపగా జయాబాయి చీపురుతో వచ్చింది. ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు.

"నన్ను ఊడ్చినంక గిది ఊడ్వు."

"కూలి కట్ చేస్తడంట అన్నా."

"చెయ్యనీ. నీ కూలి నేనిస్త. పో."

ఆమె వెనక్కి వెళ్లింది.

మట్టి తవ్వకం ముగించుకుని స్ఫూర్తి వచ్చేసరికి రెండయింది. జంబన్న చొక్కా లేకుండా బండగుండుకు ఆనుకుని కూర్చున్నాడు. తల ఎప్పటిలాగే పక్కకు తిరిగి ఉంది. పిలిచింది. భుజం పట్టుకుంది. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది.

శివరాజ్ పరుగెత్తుకొచ్చి చూశాడు. చేతిలో ఫోను మోగుతోంది.

"అయ్యో... సాబ్ కల్మల దాటిండంట. ఎనక తొవ్వ నుంచి తీస్కపోండ్రి, జల్ది!"

సున్నం కొట్టే ఇద్దరూ జంబన్నను మోసుకెళ్లారు. జయాబాయి చీపురు విసిరికొట్టి వాళ్ల వెంట ఏడుస్తూ నడిచింది. శివరాజ్ నేల మీదున్నదాన్ని ఎత్తేయడానికి వంగబోయాడు.

"చెయ్యి పెట్టకు," అంది స్ఫూర్తి.

చట్రం ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుంది. ఎదురుగా ఆకులు గాలికి లేచిపోకుండా జంబన్న పరిచిన చొక్కా ఉంది, నాలుగు మూలలా నాలుగు రాళ్లతో.