రెండు తలుపుల కారు

పేపరొస్తే రుక్మిణమ్మ మొదట తిప్పేది జిల్లా పేజీ. ఆమె చదివిన అయిదో తరగతి ఆ పేజీకి తప్ప ఇంకెందుకూ పనికిరాలేదని మొగుడు తిమ్మప్ప ఎగతాళి చేసేవాడు. యాడ లారీ బోల్తా పడింది, ఏ మలుపులో బస్సు ఆటోను గుద్దింది, పోయినవాళ్ళది ఏ ఊరు, వయసెంత, అన్నీ వేలు పెట్టి చదివి, మనవాళ్ళెవరూ లేరని తేలినాకనే కాఫీ తాగేది. కొడుకు పక్కగదిలో గురక పెడుతున్నా సరే, చదవాల్సిందే.

ఆ కొడుకు ప్రవీణ్. ఒక్కడే. పెనుకొండలో హైవే పక్కన డీజిల్ పంపులు బాగుచేసే షెడ్డు పెట్టుకొని, హిందూపురం నుంచి రోజూ బస్సులో పోయి వచ్చేవాడు. ఊరందరి బండ్లు పరిగెత్తించేవాడు బస్సులో నిలబడి పోతాడని జనం నవ్వేవాళ్ళు. మోటార్ సైకిల్ కొంటానంటే రుక్మిణమ్మ అన్నం మానేసింది. అంతకుముందు పోలీసు సెలెక్షనుకు అనంతపురం పోతానంటే, ఎండలో పరిగెత్తి ఎవరో పిల్లోడు పడిపోయినాడని విని, వాని చొక్కా పట్టుకొని గడపలోనే కూర్చుంది. వాడు గట్టిగా అడిగే రకం కాదు. "సర్లే మా" అనేవాడు. ఆ మాట చెవిన పడితే ఆమె గుండె కుదుటపడేది. ఆ మాట అన్నప్పుడు వాని మొగం ఎట్లుండేదో ఆమె ఎప్పుడూ చూడలేదు.

అట్లాంటివాడు రెండువేల తొమ్మిది ఎండాకాలంలో ఒక పొద్దు, సంగటి ముద్ద ముందర పెట్టుకొని, "మా, ఒక కారు చూసినా," అన్నాడు.

రుక్మిణమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"సెకండ్ హ్యాండుదే. ధర్మవరంలో పట్టుచీరల అంగడోళ్ళది. విదేశం బండి, రెండే తలుపులు. డీజిలే గానీ, తొక్కితే పెట్రోలు బండ్లు కూడా దాని ముందర నిలబడవు మా. ఆ ఇంజను శబ్దం వింటే..." వాడు ఆగి, నవ్వినాడు. చిన్నప్పుడు తిరునాళ్ళలో బొమ్మ చూపించినప్పటి నవ్వు.

"రెండే తలుపులా? మరి ఏదన్నా అయితే వెనక కూచున్నోళ్ళు ఎట్ల దూకాల?"

"చూడబ్బా, ఇంగా ఎక్కనే లేదు, అప్పుడే దూకేదానికి దావ వెతుకుతాంది," అన్నాడు తిమ్మప్ప.

"నువ్వూరుకో. వాళ్ళెందుకు అమ్ముతాండారురా?"

ప్రవీణ్ సంగటి వైపు చూస్తూ చెప్పినాడు. "వాళ్ళింట్లో మనుషులెక్కువ. పెద్ద బండి తీసుకుంటారంట."

ఆమె నోరు తెరవబోయింది. వాడు ముందే అన్నాడు. "ఈ ఒక్కటి మాత్రం వద్దనొద్దు మా. ఇంగేదీ అడగను."

వాని గొంతులో ఏదో ఉండింది. వద్దంటే వాడు మళ్ళ "సర్లే మా" అంటాడు, ఆ తర్వాత ఈ ఇంట్లో ఏమీ అడగడు. అది ఆమెకు ఎట్లనో అర్థమయింది. అందుకని వద్దనలేదు. ఒక షరతు పెట్టింది.

"ఆ ఇంటి ఆడమనిషి తన చేత్తో ఇయ్యాల. అట్లయితేనే."

రుక్మిణమ్మ పుట్టిల్లు నల్లమాడ దగ్గర. వాళ్ళ నాయన ఎద్దుల్ని కొంటే సంతలో కొనేవాడు కాదు, ఇంటికి పోయి కొనేవాడు. బేరం మగోళ్ళు చేసినా, పగ్గం మాత్రం ఆ ఇంటి ఆడమనిషి ఇయ్యాల. ఆమె ఎద్దు నొసట కుంకుమ పెట్టి, వీపు నిమిరి, పగ్గం కొనేవాళ్ళ చేతిలో పెడితేనే అది మనసారా ఇచ్చినట్టు. ఆమె చెయ్యి వెనక్కి పోయిందంటే, ఆ ఎద్దును తోలుకొచ్చుకోకూడదు. ఆ ఇంటి ఏడుపు వెంట వస్తుంది. రుక్మిణమ్మ అదే లెక్కన పాత కుట్టు మిషను కొన్నప్పుడూ, పాత మంచం కొన్నప్పుడూ ఆ ఇండ్లలోని ఆడవాళ్ళ చేతే ఇప్పించుకుంది.

కారు బ్రోకరు మల్లప్ప ఆ మాట విని పడీపడీ నవ్వినాడు. "ఏమక్కా, ఎద్దుకంటే పగ్గముంటాది. కారుకేముంటాది?"

"తాళం లేదాప్పా? అదే పగ్గం."

"బెంగళూరులో ఎన్ని కార్లు అమ్మించినా. దుడ్లిచ్చినామా, కారు తోలుకొచ్చినామా, అంతే. కుంకుమ పెట్టమని అడిగినోళ్ళు లేరు." నవ్వు ఆపి ప్రవీణ్ మొగం చూసినాడు. ప్రవీణ్ నేల చూసినాడు. "సరే, అడిగి చూస్తా," అన్నాడు మల్లప్ప చిన్నగా.

వాళ్ళిద్దరూ చూసుకున్న చూపు రుక్మిణమ్మ గమనించింది. ఏదో ఉంది. ఉంటే మంచిదే అనుకుంది లోపల్లోపల. ఆడికి పోతే ఒక వంక దొరక్కపోదు. తను వద్దన్నట్టు కాకుండా, దేవుడే వద్దన్నట్టు అవుతుంది.

ధర్మవరంలో బస్టాండు దగ్గర మల్లప్ప కలిసి తల్లీకొడుకుల్ని ఆ ఇంటికి తీసుకుపోయినాడు. కారు వాకిట్లోనే ఉంది. ఎర్రగా, భూతంలాగా ఉంటుందనుకునింది రుక్మిణమ్మ. అది బూడిదరంగులో, నేలకు కరుచుకొని, చడీచప్పుడు లేకుండా ఉంది. దుమ్ము చుక్క కూడా లేదు. ప్రవీణ్ దాని పక్కన నడుస్తూ, తెలిసిన ఆవును తాకినట్టు, అరచేత్తో బానెట్టును తాకినాడు.

ఇంటాయన గంగాధర్ లోపలికి రమ్మన్నాడు. కుర్చీలో కూర్చోబోతూ రుక్మిణమ్మ గోడ చూసింది. ఫోటో. దండ. మీసాలు సరిగా రాని మొగం. కింద పేరు జయప్రకాష్ అని, పుట్టిన తేదీ, పోయిన తేదీ. వేలు పెట్టకుండానే చదివేసింది. ప్రవీణ్ ఈడువాడే. పోయి ఇంకా ఏడాది కాలేదు.

"ఈ అబ్బాయి..."

"మా వాడేనమ్మా," అన్నాడు గంగాధర్. "కారు వాడిదే. ప్రవీణ్ చెప్పలేదా?"

రుక్మిణమ్మ కొడుకు మణికట్టు పట్టుకునింది. "లెయ్యిరా. లెయ్యి, పోదాం. చచ్చిపోయినోని బండా నువ్వు కొనేది? ఇంగేం, నీకూ దండ తెచ్చేదా?"

"అక్కా, కూచోక్కా," అన్నాడు మల్లప్ప. "కారుకు గీతైనా పడలేదు, నువ్వే చూసినావు గదా."

"నువ్వు మాట్లాడొద్దు. తెలిసే తెచ్చినావు నన్ను ఈడికి."

అప్పుడు లోపలి గది నుంచి ఒక ఆడమనిషి వచ్చింది. చేతిలో కుంకుమ భరిణె. జయప్రకాష్ తల్లి ఆదిలక్ష్మి. ఏడ్చి ఏడ్చి ఎండిపోయినట్టుంది మొగం. వచ్చి రుక్మిణమ్మ పక్కన కింద కూర్చునింది.

"ఆ కారు వాణ్ని ఏం చేయలేదక్కా," అంది. "దాన్ని తిట్టొద్దు."

ఆదిలక్ష్మి భరిణెను ఒళ్ళో పెట్టుకునింది.

"వాడు దాన్నేసుకొని బయటికి పోతే, తిరిగొచ్చేదాకా నాకు ముద్ద దిగేది కాదు. పొద్దంతా వాకిట్లోనే నిలబడేదాన్ని. హైవే మీద పోతాండాడేమో, లారీ అడ్డమొస్తాదేమో అని. ఆ పొద్దు ఆదివారము. యాడికీ పోలేదు. మధ్యాహ్నం నా చేతి అన్నమే తిని, ఆ గదిలోనే పండుకున్నాడు. ఇంట్లోనే ఉండాడు గదా అని, ఆ పొద్దు నేను కూడా నిమ్మళంగా కునుకు తీసినాను." ఆమె భరిణె మూత తీసింది, మళ్ళ పెట్టింది. "సాయంత్రం కాఫీకి లేపుదామని పోతే ఒళ్ళు చల్లగా ఉండాది. గుండె నిలిచిపోయిందన్నారు. లోపల ఏదో పుట్టుకతోనే ఉండ్యంట. నేనేమో బయట చూస్తాంటి."

రుక్మిణమ్మ చెయ్యి దానంతటదే కొడుకు మణికట్టును వదిలేసింది. ఆమె ఎన్నో ఏండ్లుగా భయపడిన భయాలన్నిటిలో ఇది లేదు. ఇంట్లో నిద్రపోయే కొడుకును గురించి ఆమెకు ఎప్పుడూ భయం వేయలేదు.

"కారు సర్వీసుకు మా షెడ్డుకే తెచ్చేవాడు మా," అన్నాడు ప్రవీణ్. "పనయినాక కూడా కూచొని మాట్లాడేవాడు. నాకు తోలనిచ్చేవాడు."

"మరి చెప్పలేదేమిరా?"

"ఏమని చెప్పల్ల? నా ఈడువాడు నిద్రలో పోయినాడంటే, నువ్వు నన్ను పండుకోనిస్తావా?"

ఆమెకు గుర్తొచ్చింది. చలికాలంలో వాడు కడుపునొప్పని చెప్పి అన్నం తినకుండా గోడవైపు తిరిగి పండుకున్నాడు. ఆమె వాము కషాయం కాచి ఇచ్చింది. తాగినాడు. ఒక స్నేహితుని చావును ఆ కషాయంతో పాటు మింగి, తల్లికి చెప్పకుండా దాచుకున్నాడు. ఆమె భయపడుతుందని దాచుకున్నాడు.

గంగాధర్ చిన్నగా అన్నాడు. "ఈమె పొద్దంతా ఆ కారులోనే కూచుంటాదమ్మా. తలుపేసుకొని, అద్దాలెత్తుకొని. అది వాకిట్లో ఉన్నంతకాలం ఈమె ఇంట్లోకి రాదు. వేరేవాళ్ళు అడిగితే నేను ఇయ్యలేదు. ప్రవీణ్ అంటే ఈమె కూడా ఊఁ అనింది. మీ ఆనవాయితీ కూడా చెప్పినాము. చేస్తాననింది."

అందరూ వాకిట్లోకి వచ్చినారు. ఆదిలక్ష్మి కారు ముందర నిలబడి బానెట్టు మీద కుంకుమ పెట్టింది. ఎద్దు వీపు నిమిరినట్టే అరచేత్తో దాన్ని నిమిరింది. ఆమె కొంగుముడి విప్పి తాళం తీసుకునింది. ప్రవీణ్ రెండు చేతులూ చాపినాడు. గ్రీజు మరకలు పోని చేతులు.

ఆదిలక్ష్మి పిడికిలి ఆ చేతుల మీదికి వచ్చింది. వచ్చి ఆగింది. తెరుచుకోలేదు.

"ఇయ్యి, ఆదిలక్ష్మీ," అన్నాడు గంగాధర్.

పిడికిలి ఇంకా బిగుసుకునింది. వేళ్ళ కణుపులు తెల్లబడినాయి. చెయ్యి రవంత వెనక్కి పోయింది.

రుక్మిణమ్మ ఆ చెయ్యినే చూస్తా ఉంది. తను కోరుకున్న వంక ఇప్పుడు కండ్లముందరే ఉంది. కానీ ఆ నిమిషంలో ఆమెకు లారీ గుర్తు రాలేదు, మలుపు గుర్తు రాలేదు. ఆ పిడికిలిలో ఆమెకు తన పిడికిలే కనిపించింది. ఒక తల్లి చేతిలో మిగిలినదాన్ని విడిపించుకొని పోవడమా?

"మాకొద్దులే అన్నా," అంది. "ఆయమ్మ దగ్గరే ఉండనీయండి. పద నాయినా."

ప్రవీణ్ చాపిన చేతులు కాసేపు అట్లే ఉన్నాయి. తర్వాత కిందికి దిగినాయి. తల్లి వైపు చూసినాడు. కోపం లేదు ఆ చూపులో. ఇది ఇట్లే అవుతుందని ముందే తెలిసినవాని చూపు.

"నేనప్పుడే అనుకుంటి," అన్నాడు మల్లప్ప. "కొనే మొగమైతే గదా."

ఆదిలక్ష్మి ఏదో అనబోయింది. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా ఆమె కారు పక్కనే, పిడికిలి ముందుకు చాపుకొనే నిలబడింది.

బస్సులో రుక్మిణమ్మ కిటికీ పక్కన, వాడు ఇవతల.

"భయపడి కాదురా ఈసారి."

"తెలుసు మా."

"ఒట్టు నాయినా. ఆయమ్మ చెయ్యి చూసినావు గదా. మనసొప్పక ఇచ్చింది తీసుకుంటే..."

"సర్లే మా."

ఇన్నేండ్లలో భయం లేకుండా ఆమె వద్దన్నది ఈ ఒక్కసారే. కానీ దాన్ని వాని దగ్గర రుజువు చేసేదానికి ఆమె దగ్గర ఏమీ లేదు. పెనుకొండ రాగానే షెడ్డులో పనుందని వాడు దిగిపోయినాడు. ఆమె హిందూపురం దాకా ఖాళీ సీటు మీద చెయ్యి పెట్టుకొని పోయింది.

ఆ తర్వాత వాడు కారు మాట ఎత్తలేదు. వేళకు వచ్చేవాడు, తినేవాడు, పోయేవాడు. అడిగినదానికి జవాబిచ్చేవాడు. తిమ్మప్ప కూడా ఎగతాళి చేయడం మానేసినాడు. ఇంట్లో ఎవరితోనూ ఏ గొడవా లేదు. అదే ఆమెకు భరించరాకుండా ఉంది.

వానలు మొదలైనాక, ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది.

"అక్కా, నేను ధర్మవరం ఆదిలక్ష్మిని. మల్లప్పను అడిగి నీ నెంబరు తీసుకుంటి."

"చెప్పమ్మా, బాగుండావా?"

"కారు పోయిందక్కా." ఆ గొంతు దూరంగా, నీళ్ళలో నుంచి వచ్చినట్టుంది. "నేను గుడికి పోయింటే, ఎవురో బెంగళూరోళ్ళొచ్చి తోలుకొని పోయినారు. మా ఆయన నన్ను చూడనీలేదు. మంచికేలే అంటాడు. వాళ్ళెవురో, దాన్ని యాడ తిప్పుతారో."

"నీ దగ్గరే ఉండాలనే గదమ్మా నేను ఆ పొద్దు..."

"నాకు తెలుసక్కా, నువ్వు నా కోసమే అన్నావు. కానీ నేను ఇస్తాంటి గదా. మీ పిల్లోనికైతే ఇయ్యాలనే ఉండ్య. వాడైతే ఎప్పుడన్నా ఆ దావన వస్తాడు, మా వాకిట్లో ఆపుతాడు, ఆ శబ్దం వింటా అనుకుంటి. చెయ్యి తెరిచేదానికి నాకు రోంత సేపు పట్టింది, అంతే. అంతమాత్రానికే ఎందుకక్కా అట్ల తొందరపడితివి?"

ఫోను పెట్టేసినాక కూడా రుక్మిణమ్మ దాన్ని చేతిలోనే పట్టుకొని కూర్చునింది. పగ్గం ఇచ్చే చెయ్యి వెనక్కి పోతే తీసుకోకూడదని నేర్చుకునింది గానీ, ఆ చెయ్యి మళ్ళ ముందుకు వచ్చేదాకా ఆగొచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ప్రవీణ్ ఆ పొద్దు వాన వల్ల షెడ్డు తొందరగా మూసి వచ్చినాడు. ఇద్దరికీ అన్నం పెట్టుకొని, వానికి ఎదురుగా కూర్చొని, ఆమె అంతా చెప్పింది. బెంగళూరోళ్ళ సంగతి, ఆదిలక్ష్మి అన్న మాట, ఒక్కటీ దాచలేదు. దాచి ఉంటే బాగుండేదేమో. చెప్తున్నప్పుడు వాని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

బయట వాననీళ్ళు వాకిట్లో పారుతున్నాయి. ఎప్పుడన్నా ఒక్కసారి తిట్టినా బాగుండునని ఆమె వాని మొగంలోకే చూస్తా ఉంది. ఎన్నో ఏండ్ల తర్వాత ఆ మొగాన్ని సరిగా చూసింది. చెంపలు లోపలికి పోయినాయి.

వాడు కంచంలో నుంచి చెయ్యి తీసినాడు. ఆమె కంచం ఆమె దగ్గరికి జరిపినాడు.

"చల్లారిపోతాంది మా," అన్నాడు. "తిను."