కాగితంలో ఉన్న బెంచీలు

బడి తెరిచేది సోమవారం. ఒకటో తరగతి టీచరమ్మ గురువారమే వచ్చి గది తలుపు తీస్తే లోపల నల్లబల్ల తప్ప మరేమీ లేదు. సెలవులకు ముందు తన చేత్తో తుడిచిపెట్టిన పద్నాలుగు బెంచీలూ మాయం. మొదటిసారి బడికి వచ్చే నలభై మంది పసివాళ్లు వట్టి గచ్చు మీద కూర్చోవాలా?

రోడ్డు అవతలే ఉన్న జిల్లా విద్యా కార్యాలయానికి పరుగెత్తింది. గుమాస్తా తీరిగ్గా రిజిస్టరు తిరగేశాడు.

"పద్నాలుగు. మీ గదిలోనే ఉన్నాయి."

"లేవండీ బాబూ! ఇప్పుడే చూసి వస్తున్నా."

"కాగితంలో ఉంటే ఉన్నట్టేనమ్మా. మీరే సరిగ్గా చూసుండరు."

సరిగ్గా చూడకపోవడానికి అవేమైనా గుండుసూదులా? నాలుగు దులుపుదామనుకునేలోపే గంట మోగింది. కొత్త విద్యా సంవత్సరానికి సిబ్బందిని సన్నద్ధం చేసే మూడు రోజుల శిక్షణ ఆ కార్యాలయం హాల్లోనే. రాకపోతే సంజాయిషీ రాసుకోవాలి.

శిక్షణ ఇచ్చే ఆయనకు మొదటి గంటలోనే చప్పట్ల సారు అని పేరు పడిపోయింది. ఎవరు నోరు తెరిచినా చప్పట్లు కొట్టించేవాడు. లెక్కల మాస్టారు తుమ్మితే దానికీ కొట్టించాడు. ముప్ఫై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నవాళ్ల చేత కాగితం పడవలు చేయించి, వాటి మీద తమ భయాలు రాయమన్నాడు. టీచరమ్మ "బెంచీలు" అని రాసింది. ఆయన అది చదివి కళ్లు మూసుకుని, "ఎంత లోతైన భయమండీ! చప్పట్లు!" అన్నాడు.

హాలు మధ్యలో చుట్టూ తాడు కట్టి మాదిరి తరగతి గది ఒకటి పెట్టారు. పసుపు రంగు వేసిన బెంచీలు తళతళలాడుతున్నాయి. ఏ అదృష్టవంతుల బడివో అని టీచరమ్మ రెండు రోజులు వాటిని చూసి కుళ్లుకుంది కూడా.

శనివారం ఆమెను చిన్నపిల్లలా నటించమని ఆ బెంచీ మీద కూర్చోబెట్టారు. చేయి అంచు కిందికి పోతే మెత్తగా ఏదో తగిలింది. పిల్లల కాళ్లు గీసుకుపోతున్నాయని కిందటేడు ఒక మేకు మీద పాత చెప్పు ముక్క పెట్టి తానే బిగించింది. పైన రంగు మారిందే గాని కింద ఆ ముక్క అలాగే ఉంది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆమె పని.

ముగింపు సభకు ఆ కార్యాలయం అధికారి, పెద్దసారు వచ్చాడు. టీచరమ్మ ఆయన ముందుకు వెళ్లి నిలబడింది.

"సార్, ఇవి మా పిల్లల బెంచీలు. సోమవారానికి కావాలి."

"ఇంకా రెండు విడతల శిక్షణ ఉందమ్మా. మాదిరి గది చెదరకూడదు. పిల్లలదేముంది, నెల రోజులు కింద కూర్చుంటే అరిగిపోతారా?"

టీచరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్లల్ని ఎలా కూర్చోబెట్టాలో నేర్పడానికి పిల్లల బెంచీలే లాక్కొచ్చారు ఈ మహానుభావులు!

అంతలో చప్పట్ల సారు చివరి కృత్యం ప్రకటించాడు. బడిలో ఉన్న ఒక నిజమైన సమస్యను జట్టుగా పరిష్కరించి చూపాలట. టీచరమ్మ చటుక్కున లేచింది.

"ఈ బెంచీలు రోడ్డు దాటడమే మా జట్టు సమస్య. లెక్కల మాస్టారూ, ఆ కొస పట్టండి."

"నా నడుము సంగతి తెలుసు కదమ్మా," అంటూనే ఆయన పట్టాడు.

మిగతావాళ్లూ లేచారు. చప్పట్ల సారు ఆనందం పట్టలేక దారి పొడుగునా చప్పట్లు కొడుతూ నడిచాడు. ఫోటోగ్రాఫరు కనబడగానే పెద్దసారు కూడా ఒక బెంచీ మీద చేయి వేసి నవ్వాడు. ఫోటోలో చేయి వేశాక ఇక వద్దనడానికి నోరెలా వస్తుంది? అరగంటలో పద్నాలుగూ గదికి చేరాయి.

సోమవారం పిల్లలు ఏడుస్తూనే వచ్చి బెంచీలెక్కి కూర్చున్నారు. బుధవారం పెద్దసారు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. బెంచీలు మోసే కృత్యం అద్భుతంగా ఉన్నందున అన్ని విడతల్లోనూ తప్పనిసరి చేశామనీ, అందుకోసం పద్నాలుగు బెంచీలనూ వెంటనే హాలుకు పంపాలనీ దాని సారాంశం.

టీచరమ్మ రెండుసార్లు చదివింది. గదిలో నలభై మంది పలకల మీద సున్నాలు చుడుతున్నారు. ఆమె కలం తీసి, "బెంచీలు పంపడమైనది" అని రాసి, సంతకం పెట్టి, గుమాస్తాకు పంపించింది.

గుమాస్తా రిజిస్టరులో ఎక్కించుకున్నాడు. రెండో విడతలో టీచర్లు బెంచీలు మోసి జట్టు స్ఫూర్తి చాటారని పై ఆఫీసుకు నివేదిక కూడా వెళ్లింది.