చుక్క పెట్టించిన మనిషి

వేదిక మీద వేసుకునే గౌనుకు ఊడిన బొత్తాం కుట్టించాలి. ప్రసంగం పన్నెండు నిమిషాలకు తగ్గించాలి. మాణిక్యాంబక్క మాట చెప్పాలి.

అమెరికాలో ఒక విశ్వవిద్యాలయానికి ప్రెసిడెంటుగా పదవి చేపట్టే రోజు ఉదయం విశ్వపతి గారు రాసుకున్న పనులివి. ఆ కాగితం ఎగిరిపోకుండా పైన పెట్టింది నన్నే.

నేను ఒక స్లైడ్ రూల్‌ని. కాలిక్యులేటర్లు రాకముందు ఇంజినీర్లు లెక్కలు కట్టుకున్న జారుడు బద్దను. జపానులో వెదురుతో పుట్టాను. కాకినాడ కాలేజీలో ఒక సీనియర్ నుంచి విశ్వపతి గారి చేతికొచ్చి, ఆయన కోటు జేబులో సముద్రం దాటాను. నాలో ఒక లోపముంది. రెండైనా, ఇరవైయైనా, రెండు వందలైనా నాకు ఒకటే గీత. దశాంశం చుక్క ఎక్కడో మనిషే చూసి పెట్టుకోవాలి.

అమెరికా వచ్చిన కొత్తలో, వంతెనలు డిజైన్ చేసే ఆఫీసులో ఆయనకది మూడో నెల. ఉద్యోగం పోతే వీసా కూడా పోతుంది. అక్కడే మాణిక్యాంబ గారు ఇంజినీర్ల లెక్కల్ని పలచటి కాగితం మీద బొమ్మలుగా, ట్రేసింగులుగా గీసేవారు. రాజమండ్రి మనిషి. ఇంజినీరింగు చదవలేదు గానీ, పదేళ్లు ఆనకట్టల డ్రాయింగులు గీసిన చెయ్యి.

“తమ్ముడూ, ఈ దూలం చీపురుపుల్లలా ఉందేంటయ్యా? దీని మీద లారీ ఎక్కుద్దా, చీమలు పాకుతాయా?”

“రెండుసార్లు చూశానక్కా. లెక్క కరెక్టే.”

“లెక్క కరెక్టేలే. చుక్కెక్కడ పెట్టావ్?”

ఆయన నన్ను మళ్లీ జరిపి చూశారు. చుక్క ఒక స్థానం ముందే పడింది. లారీల బరువు పదో వంతుకు దిగిపోయింది మరి. పెద్ద ఇంజినీరు భోజనం చేసి వచ్చేలోగా ఆవిడ తన తిండి మానేసి ఆ షీటు మళ్లీ గీశారు. ఎవరితోనూ అనలేదు. లెక్క తప్పితే మనుషులు నన్ను తిడతారు, ఒప్పయితే మరిచిపోతారు. ఆవిడ మాత్రం నన్ను చీరకొంగుతో తుడిచి ఒరలో పెట్టారు.

ఆ వంతెనతోనే ఆయనకు పేరొచ్చింది. తర్వాత ప్రొఫెసరు, డీను, ఇప్పుడు ప్రెసిడెంటు.

ఆ ఉదయం ప్రసంగం చదివి ఆయన భార్య సునంద గారు అన్నారు: “మొదటి రోజే ‘నేను లెక్క తప్పాను’ అని చెప్పుకుంటారా ఎవరైనా? ఆవిడ పోయి కూడా ఏడేళ్లయింది. ఇప్పుడెందుకండీ?”

 ఆయన నన్నే అంచుగా ఆనించి అక్క మాటున్న పేరా మీద గీత కొట్టారు. గీత తిన్నగా వచ్చింది. ప్రసంగం సరిగ్గా పన్నెండు నిమిషాలు పట్టింది.

ఇప్పుడు ఈ విశ్వవిద్యాలయం లైబ్రరీలో అద్దాల పెట్టెలో ఉన్నాను. ‘ప్రెసిడెంటు గారు తమ తొలి వంతెనకు లెక్క కట్టిన పరికరం’ అని పక్కన చీటీ పెట్టారు. అందులో తప్పేమీ లేదు, చుక్క ఒక్కటే లేదు. ఎప్పుడైనా ఇటు వస్తే నన్ను చూడకపోయినా ఫరవాలేదు. మాణిక్యాంబ గారిని ఒక్కసారి తలుచుకోండి.